అమ్మ రిజిస్టర్

మా అమ్మ ల్యాబ్ టెక్నీషియన్. ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్షలు చేసే గదిలో ఉద్యోగం. బోర్డు మీద ఐసీటీసీ అని ఉంటుంది, అంటే ముందు కూర్చోబెట్టి మాట్లాడి, తర్వాత పరీక్ష చేసే కేంద్రం. ఏ ఆసుపత్రో రాయొద్దని అమ్మ షరతు పెట్టింది. ఇది క్లబ్ వాళ్లకి పంపే ముందు ఆమెకి చదివి వినిపించా. మూడు చోట్ల తీసేయమంది, తీసేశా. మా చుట్టాల గురించి రాసిన దాంట్లో ఊళ్లు, కొన్ని గుర్తులు మార్చా. మిగతాదంతా జరిగిందే.

మేముండేది జీడిమెట్లలో. మన కాలేజీలో చాలామందికి హైదరాబాద్ అంటే హైటెక్ సిటీ, గచ్చిబౌలి అద్దాల బిల్డింగులు. జీడిమెట్ల కూడా సైబరాబాద్ పోలీసుల కిందకే వస్తుందంటే నమ్మరు. ఇక్కడ అద్దాలు తక్కువ, రేకుల షెడ్లు ఎక్కువ. మందుల ఫ్యాక్టరీలు, ప్లాస్టిక్ ఫ్యాక్టరీలు, ఇనుప సామాన్ల వర్క్‌షాపులు, వాటి ముందు వరసగా లారీలు. షిఫ్ట్ వదిలే టైమ్‌లో షాపూర్‌నగర్ రోడ్డు మీద తెలుగు కన్నా హిందీ, ఒడియా, భోజ్‌పురి ఎక్కువ వినిపిస్తాయి. నాన్న ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్.

చిన్నప్పుడు నాకు అర్థం కాని విషయం ఒకటుండేది. అమ్మతో ఆదివారం మార్కెట్‌కి వెళ్తే, ఎవరో ఒకరు ఎదురొస్తారు, అమ్మకి వాళ్లు తెలుసని నాకు తెలిసిపోతుంది, కానీ అమ్మ పలకరించదు. వాళ్లు నవ్వితే నవ్వుతుంది, నవ్వకపోతే టమాటాల వైపు చూస్తుంది. మా అమ్మకి పొగరు అనుకునేవాణ్ని. ఇంటర్ చదివేటప్పుడు అడిగితే చెప్పింది. "మా దగ్గరికి వచ్చినోళ్లు బయట కనపడితే మేం ముందు పలకరించం. పక్కన వాళ్ల ఇంట్లోవాళ్లుంటే, ఈమె ఎవరు, నీకెట్ల తెలుసు అని అడుగుతరు గదా." నెగెటివ్ వచ్చినవాళ్లనీ అంతే, పాజిటివ్ వచ్చినవాళ్లనీ అంతే. అందరికీ ఒకటే రూల్. కొందరు వాళ్లంతట వాళ్లే వచ్చి "మేడమ్ బాగున్నరా" అంటారు. అప్పుడు అమ్మ ముఖం చూడాలి మీరు, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తా.

మొన్న దసరా తర్వాత మా పెద్దమ్మ ఫోన్ చేసింది. వాళ్ల అమ్మాయికి, అంటే మా అక్కకి, సంబంధం కుదిరింది. అబ్బాయిది ట్రాన్స్‌పోర్ట్ వ్యాపారం. మొదట్లో తనే లారీ నడిపాడు, ఇప్పుడు సొంతంగా రెండు లారీలు. బండ్లన్నీ మా ఏరియా నుంచే లోడ్ అయ్యి ముంబై, సూరత్ వెళ్తాయి. మంచి అబ్బాయే అంటున్నారు అందరూ. పెద్దమ్మకి మాత్రం ఎక్కడో ఒక ముల్లు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, నేను పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నా.

"చెల్లె, నీ దగ్గర రిజిస్టరుంటది గదా. పిలగాని పేరు, ఊరు పంపిస్త. ఉన్నడా లేడా, గంతే చెప్పు."

"నేను చూడనక్కా. చూసినా చెప్ప."

"బయటోళ్ల కోసమా అడుగుతున్న? నీ అక్క బిడ్డ కోసం."

"ఎవ్వలకైనా చెప్ప."

కాసేపు ఏ మాటా లేదు. తర్వాత పెద్దమ్మ అన్న మాట నాకిప్పటికీ గుర్తొస్తుంటుంది. "రేపు దానికేమన్న అయితే నీకు నిద్ర పడ్తదా?"

అమ్మ ఫోన్ స్పీకర్ తీసేసి బాల్కనీలోకి వెళ్లింది.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేను పెద్దమ్మ పక్షమే. అక్క జీవితం ముందు ఒక ఆఫీస్ రూల్ ఎంత? మన భాషలో చెప్తే ఒక్క లైన్ క్వెరీ. పేరు ఇస్తే, ఉంటే ఒక రో వస్తుంది, లేకపోతే ఏమీ రాదు. అదే మాట అమ్మతో అన్నా. అమ్మ నవ్వింది. వాళ్ల దగ్గర ఆమె చేతికి వచ్చే ట్యూబ్ మీద, ఆమె రాసే పుస్తకంలో ఉండేది నంబర్ మాత్రమే. పేర్లుండే పుస్తకం కౌన్సెలర్ మేడమ్ బీరువాలో ఉంటుంది, తాళం ఆమె దగ్గరే. పెద్దమ్మ అనుకుంటున్న రిజిస్టర్ అమ్మ దగ్గర లేనే లేదు. మరి ఆ మాటే చెప్పొచ్చు కదా, గొడవ ఉండదు కదా అన్నా. "అట్ల చెప్తే, పేర్లుంటే చెప్తుండె అని అర్థమైతది. పేర్లున్నా చెప్పనని తెల్వాలె" అంది.

తర్వాత రెండు మూడు రోజులు ఈ మాట మీదే ఆలోచించా. అమ్మ ఒకరి గురించి "లేడు, నిశ్చింతగా చేస్కోండి" అని చెప్పిందనుకుందాం. రేపు ఇంకొకరు ఇంకో పేరు అడుగుతారు. అప్పుడు అమ్మ "చెప్పను" అంటే? అవతలివాళ్లకి జవాబు దొరికేసినట్టే. చెప్పకపోవడం కూడా చెప్పడమే అయిపోతుంది. మనం లాగిన్ పేజీ రాసేటప్పుడు "ఈ యూజర్ లేడు" అని ఒక మెసేజ్, "పాస్‌వర్డ్ తప్పు" అని ఇంకో మెసేజ్ పెట్టకూడదని సార్ చెప్పింది గుర్తుందా? రెండు వేర్వేరు మెసేజ్‌లు పెడితే ఎవరికి అకౌంట్ ఉందో ఎవడైనా కనిపెట్టేస్తాడు. అందుకే అన్నిటికీ ఒకే మెసేజ్. మా అమ్మ చదివింది డీఎంఎల్‌టీ. సెక్యూరిటీ సబ్జెక్ట్ ఎప్పుడూ చదవలేదు. కానీ మార్కెట్‌లో ఎవర్నీ ముందు పలకరించకపోవడం, అక్కకి కూడా చెప్పకపోవడం, రెండూ ఆ ఒకే మెసేజే.

ఇంకోటి. "లేడు" అనే జవాబుకి అసలు అర్థం ఉందా? పుస్తకంలో పేరు లేకపోతే ఆ అబ్బాయి పరీక్షే చేయించుకోలేదేమో, వేరే చోట చేయించుకున్నాడేమో, చేయించుకున్నాక ఏదైనా జరిగిందేమో. డీబీఎంఎస్‌లో నల్ వేరు, ఫాల్స్ వేరు అని మొదటి నెలలోనే చెప్తారు. పెద్దమ్మ నల్‌ని చూసి ఫాల్స్ అనుకుని పెళ్లి చేసేసేది.

అప్పటి నుంచి ఈ లెక్కల వెనకాల పడ్డా. అమ్మని సతాయించి కొంత, నెట్‌లో రిపోర్టులు చదివి కొంత తెలుసుకున్నా. మన కాలేజీలో డేటా సైన్స్ అని తిరిగే బ్యాచ్ అంతా ఒకసారి చదవాల్సిన కథ ఇది.

మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని మొదట కనిపెట్టింది ఒక స్టూడెంట్. 1986లో మద్రాస్ మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పీజీ చేస్తున్న సెల్లప్పన్ నిర్మల. గైడ్ డాక్టర్ సునీతి సోలమన్. అప్పటికి అందరి అభిప్రాయం ఒకటే, అది అమెరికా జబ్బు, మన దగ్గరికి రాదు అని. నిర్మల థీసిస్ కోసం చెన్నైలో సెక్స్ వర్కర్ల దగ్గర రక్త నమూనాలు తీసుకుంది. వాళ్లలో చాలామంది పోలీసులు పట్టుకొచ్చి రిమాండ్ హోమ్‌లో పెట్టినవాళ్లు. చెన్నైలో పరీక్ష చేసే సదుపాయం లేకపోతే ఆ నమూనాలు పట్టుకుని రైల్లో వెల్లూరు సీఎంసీకి వెళ్లింది. కొన్ని పాజిటివ్ వచ్చాయి. మనం మినీ ప్రాజెక్ట్ గిట్‌హబ్ నుంచి దించుకుంటున్నాం, అది వేరే సంగతి. ఈ కథలో నన్ను ఆపేది మాత్రం ఆ రిమాండ్ హోమ్. అక్కడున్న ఆడవాళ్లకి కాదనే అవకాశం ఎంత ఉండి ఉంటుంది? దేశానికి మొదటి డేటా అక్కణ్నుంచే వచ్చింది.

1992లో నాకో వచ్చింది, అంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ. 1998 నుంచి పద్ధతి ప్రకారం సెంటినల్ సర్వైలెన్స్ మొదలైంది. సెంటినల్ అంటే కాపలావాడు. దేశమంతా పరీక్షించలేరు కాబట్టి కొన్ని ఆసుపత్రులని కాపలా చోట్లుగా పెట్టుకుంటారు. గర్భిణుల క్లినిక్ అయితే మూడు నెలల్లోపు, 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసులో, వరుసగా వచ్చిన 400 మంది. వాళ్లలోంచి నచ్చినవాళ్లని ఏరుకోకూడదు, ఒకర్ని వదిలెయ్యకూడదు. ఎలాగూ వేరే పరీక్ష కోసం తీసిన రక్తంలో కొంచెం పక్కకి తీసి, పేరు, అడ్రస్ అన్నీ చెరిపేసి, కొత్త నంబర్ వేసి పంపుతారు. ఆ ట్యూబ్ ఎవరిదో తర్వాత ఎవరూ చెప్పలేరు. మన పరిభాషలో ఫారిన్ కీ తీసి పారేసినట్టు. కావాలనే.

అమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ట్యూబులు సర్దింది. మొదటిసారి విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ నాలుగు వందల మందిలో ఒకామెకి పాజిటివ్ అని లెక్కకి తెలుస్తుంది, ఆమెకి తెలీదు. ఇదెక్కడి న్యాయం? అమ్మ జవాబు ఏంటంటే, ఆ గర్భిణిని అదే ఆసుపత్రిలో విడిగా కూర్చోబెట్టి, విషయం చెప్పి, ఆమె ఒప్పుకుంటే పేరుతో ఇంకో పరీక్ష చేస్తారు. ఆ రిపోర్ట్ ఆమెకే ఇస్తారు, బిడ్డకి రాకుండా మందులు మొదలుపెడతారు. పేరు చెరిపిన రక్తం లెక్క కోసం, పేరున్న రక్తం ఆమె కోసం. ఈ జవాబు నన్ను పూర్తిగా ఒప్పించలేదు. విడిగా పిలిచే మనిషి ఆ రోజు సెలవులో ఉంటే? ప్రపంచంలో చాలాచోట్ల ఈ పద్ధతి మీద వాదనలు జరిగాయి. నాకు మాత్రం, ఒప్పుకోలేదన్న భయంతో ఆసుపత్రికే రాకుండా పోయే వాళ్లకన్నా ఇదే నయం అనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు.

ఆ లెక్కలు ఎంత నిజం అన్నది ఇంకో కథ. 2006 వరకు దేశంలో సుమారు 52 లక్షల మందికి హెచ్‌ఐవీ ఉందని చెప్పేవాళ్లు. 2007 జులైలో అది ఒక్కసారిగా 25 లక్షలైంది. సగం మంది ఎక్కడికి పోయారు? ఎక్కడికీ పోలేదు, అసలు లేరు. గుంటూరు జిల్లాలో ఏం జరిగిందో చూడండి. మన హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి చెందిన లలిత్ దండోనా బృందం 2004-05లో ఆ జిల్లాలో ఇంటింటికీ వెళ్లి, పన్నెండు వేల మందికి పైగా పరీక్షించింది. సెంటినల్ లెక్క ప్రకారం జిల్లాలో ఎంతమంది ఉండాలో, అందులో సగం కూడా లేరు. కారణం వింటే తల పట్టుకుంటారు. హెచ్‌ఐవీ ఉందని అనుమానం వచ్చిన వాళ్లని ప్రైవేట్ వాళ్లు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులకి పంపించేస్తారు. కాపలా చోట్లు పెట్టింది కూడా ఆ పెద్ద ఆసుపత్రుల్లోనే. మన క్యాంటీన్‌లో నిలబడి "ఈరోజు క్లాస్ ఎగ్గొట్టిన వాళ్లెందరు" అని సర్వే చేసి, కాలేజీ మొత్తానికి అదే శాతం వేసినట్టు.

తర్వాత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మూడో విడతలో లక్ష మందికి పైగా పరీక్షించారు. రెండూ కలిపి చూసి దేశం లెక్క మార్చారు. ఆ సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాతం 0.97. అంటే తగ్గించిన లెక్కలో కూడా మనది పెద్ద నంబరే. 2021 అంచనాల్లో తెలంగాణ 0.47, ఆంధ్రప్రదేశ్ 0.67, దేశం 0.21. తగ్గింది నిజమే, దేశం సగటుకి ఇంకా రెండింతల పైనే ఉన్నదీ నిజమే.

ఈ 0.47 చూశాక నాకు ఇంకో విషయం వెలిగింది. అమ్మ వాళ్లు ఒక పరీక్షలో పాజిటివ్ వస్తే వెంటనే చెప్పరు. వేరే కిట్‌తో రెండోది, ఇంకో కిట్‌తో మూడోది చేస్తారు, మూడూ ఒకే మాట చెప్తేనే పాజిటివ్. ఇంత అనుమానం ఎందుకు, కిట్లు మంచివి కావా అనుకునేవాణ్ని. బేస్ థియరమ్ వేసి చూడండి. పది వేల మందిలో సుమారు 50 మందికి ఉందనుకుందాం. కిట్ ఆ 50 మందినీ పట్టుకుంటుంది. లేనివాళ్ల విషయంలో వెయ్యికి ఐదుసార్లు మాత్రమే పొరపడుతుంది అనుకుందాం. లేనివాళ్లు 9,950 మంది, వాళ్లలో తప్పుగా పాజిటివ్ వచ్చేది దాదాపు 50 మంది. అంటే మొదటి పరీక్షలో పాజిటివ్ వచ్చిన వందమందిలో సగం మందికి జబ్బే లేదు. కిట్ 99.5 శాతం కరెక్ట్, కానీ నీకు పాజిటివ్ వస్తే అది నాణెం ఎగరేసినట్టు. ఇంజనీరింగ్ మ్యాథ్స్‌లో ఈ ఫార్ములా రాసి మార్కులు తెచ్చుకున్నాం. దాని అర్థం మాత్రం నాకు అమ్మ టిఫిన్ బాక్స్ సర్దుకుంటూ చెప్పిన మాటల్లో తెలిసింది. "ఒక్క కిట్ మాట విని మనిషికి చెప్తే, ఆ మనిషి ఇంటికి పోయేలోపు ఏమన్న చేస్కోవచ్చు" అంది. ఆమె అనుభవంలో అలాంటిదేదో ఉంది. అడిగితే చెప్పలేదు.

మీలో ఎవరైనా ఆన్‌లైన్‌లో కిట్ కొనుక్కుని రూమ్‌లో చేసుకుని గీత కనపడి కంగారుపడితే, పరుగెత్తాల్సింది గూగుల్ దగ్గరికి కాదు, ఐసీటీసీకి. ఉచితం. ఎక్కడుందో తెలీకపోతే 1097కి ఫోన్ చేస్తే చెప్తారు, అదీ ఉచితమే. ఇంకోటి, మన ఎన్ఎస్ఎస్ వాళ్లు రక్తదాన శిబిరం పెట్టినప్పుడు "వాళ్లెలాగూ టెస్ట్ చేస్తారు కదా, తెలిసిపోతుంది" అని రక్తం ఇచ్చే మేధావులు ఉన్నారు. దయచేసి వద్దు. వైరస్ వంట్లోకి వచ్చాక కొన్ని వారాలపాటు పరీక్షకి దొరక్కపోవచ్చు, మూడు నెలల వరకు అనుమానం ఉంచుకోమంటారు. ఆ టైమ్‌లో ఇచ్చిన రక్తం ఎవరికి ఎక్కుతుందో ఆలోచించండి.

నేనూ పరీక్ష చేయించుకున్నా. అమ్మ పనిచేసే చోట కాదు, వేరే ఆసుపత్రిలో. 18 దాటాయి కాబట్టి ఇంట్లోవాళ్ల సంతకం అక్కర్లేదు. సూది ఒక సెకను. కష్టమంతా దానికి ముందే. కౌన్సెలర్ మేడమ్ మా పిన్ని వయసుండేమో, తలుపేసి, మామూలుగా కాలేజీ గురించి అడిగినట్టే అడిగారు. ఎవరితోనైనా కలిశావా, ఆడవాళ్లా మగవాళ్లా, కండోమ్ వాడావా. ఆమె అన్నీ తెలుగులో అడుగుతున్నారు. నేను అన్నిటికీ ఇంగ్లిష్‌లో చెప్తున్నా. కాసేపయ్యాక ఆమె నవ్వి, "ఇంగ్లిష్‌ల చెప్తే సిగ్గు తక్కువనిపిస్తది గదా బాబు, అందరూ గంతే" అన్నారు.

ఆ మాట నిజం. నాది మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియం. రీప్రొడక్షన్ చాప్టర్ మాకు టీచర్ "ఇంటి దగ్గర చదువుకోండి" అని వదిలేశారు, అయినా ఆ పదాలన్నీ ఇంగ్లిష్‌లో వచ్చు. తెలుగులో ఆ విషయానికి నాకు తెలిసిన మాటలు రెండే రకాలు. ఒకటి బస్ స్టాప్ గోడల మీద ఉండేవి, ఇంకోటి ప్రభుత్వ పోస్టర్ల మీద "సురక్షిత లైంగిక సంబంధాలు" లాంటివి. మొదటి రకం అమ్మ ముందు అనలేం, రెండో రకం ఫ్రెండ్ ముందు అంటే నవ్వుతాడు. మధ్యలో మనుషులు మాట్లాడుకునే భాష ఏదీ? ఆ మేడమ్ దగ్గర ఉంది. ఆమె "కలిశావా" అంది, అంతే. రోజుకి ఇన్ని మందితో మాట్లాడి మాట్లాడి ఆ భాష తయారుచేసుకున్నారు వాళ్లు.

రిజల్ట్ ఏంటని మీరు అడుగుతారని తెలుసు. రాయను. పైన లాగిన్ పేజీ గురించి చెప్పింది మళ్లీ చదవండి. నాలాంటివాళ్లందరం "నాకు నెగెటివ్" అని స్టేటస్ పెట్టుకుంటూ పోతే, పెట్టని ఒక్కడి సంగతి ఊరందరికీ తెలిసిపోతుంది.

భాష గురించి అంటుంటే నాన్న పులిరాజా సంగతి చెప్పారు. మనం పుట్టకముందు, 2000ల మొదట్లో, ఆంధ్రప్రదేశ్‌లో బస్సుల వెనకాల, గోడల మీద, హోర్డింగుల మీద ఒకటే ప్రశ్న: "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" ఎవరీ పులిరాజా అని టీ కొట్ల దగ్గర చర్చలట. ముంబైలో అప్పుడే బల్బీర్ పాషా అని ఇలాంటి ప్రచారమే నడిచింది. మీ ఇంట్లో అడిగి చూడండి, పేరు చెప్పగానే నవ్వుతారు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా గుర్తుండే ప్రచారం ఇంకొకటి చెప్పండి. లెక్చర్ దంచకుండా, పక్కింటి కబురు చెప్పినట్టు చెప్పడం దాని బలం. ఆ పేరు నోటికి రాని విషయాన్ని నలుగురి నోట్లోకి తెచ్చింది. కానీ నాన్న ఇంకో మాట కూడా అన్నారు. వాళ్ల ఫ్యాక్టరీలో రాజా అనే పేరున్న అతన్ని అందరూ పులిరాజా అని పిలిచి పిలిచి చివరికి అతను షిఫ్ట్ మార్చుకున్నాడట. అది ఎప్పుడూ ఇంకొకడి కథే. తిరుగుబోతు పులిరాజాకి వస్తుంది, మనకి రాదు. పెళ్లయ్యి, భర్త తప్ప ఎవరూ తెలీని ఆడవాళ్లు ఎంతమంది మందులకి వస్తుంటారో అమ్మకి తెలుసు.

పెద్దమ్మ అనుమానం కూడా అక్కణ్నుంచి వచ్చిందే అనుకుంటా. లారీ అనగానే ఆమెకి అదే గుర్తొచ్చింది. రిపోర్టుల్లో లారీ డ్రైవర్లని, వలస కూలీలని "బ్రిడ్జ్ పాపులేషన్" అంటారు. ఎక్కువ రిస్క్ ఉన్నవాళ్లకీ మామూలు జనాలకీ మధ్య వంతెన అని. గ్రాఫ్ థియరీ ప్రకారం తప్పు లేదు, ఏ ఎడ్జ్ తెంపితే వ్యాప్తి ఆగుతుందో చూడాలి కదా. అందుకే లారీలు ఆగే చోట్ల ప్రత్యేకంగా క్లినిక్‌లు, కండోమ్‌లు, వీధి నాటకాలు పెట్టారు. పనిచేశాయి కూడా. కానీ మా గల్లీలో ఆ వంతెనలన్నిటికీ పేర్లున్నాయి. నాన్న స్నేహితుడు ఒకాయన ముప్పై ఏళ్లు బండి నడిపారు. ఆయన అంటారు, "క్యాంపోళ్లు మంచోళ్లే. కాని మమ్మల్ని చూస్తే దోమల్ని చూసినట్టు చూసేటోళ్లు." పైగా ఇప్పుడు ఆ మ్యాప్ పాతబడింది. కలవడానికి ఎవరూ హైవే దాకా వెళ్లట్లేదు, అందరి ఫోన్లలో యాప్‌లున్నాయి. మాదాపూర్ హాస్టళ్లలో ఉండే మన సీనియర్లని ఎవరూ బ్రిడ్జ్ పాపులేషన్ అని పిలవరు. వాళ్ల దగ్గర వీధి నాటకం ఎవరు వేస్తారు?

జీడిమెట్ల గురించి ఒక గొప్ప కూడా చెప్పుకోవాలి. హెటిరో కంపెనీ హెచ్‌ఐవీ మందులు చేసిన యూనిట్లలో ఒకటి మా పారిశ్రామికవాడలోనే ఉంది. పక్కనే బాచుపల్లిలో అరబిందో. 2017లో రోజుకి ఒక్క మాత్రతో సరిపోయే మందుని మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే 90కి పైగా దేశాలకి ఇస్తామని ఒప్పందం చేసుకున్న రెండు కంపెనీల్లో అరబిందో ఒకటి. ఒకప్పుడు ఈ మందులు ఏడాదికి పది వేల డాలర్ల పైమాట. ఆఫ్రికాలో ఎవరో అమ్మ ఆ మాత్ర వేసుకుని బిడ్డని కంటుంటే, అది మన షిఫ్ట్ బస్సుల్లో పోయేవాళ్ల చేతుల మీదుగా పోయిందే కావచ్చు. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మొదలుపెడుతున్నారు. రోజూ వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకి అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి, అలాగే ఉంటే, కలిసిన మనిషికి అంటదు. ఇది పెద్దమ్మకి చెప్పినా నమ్మలేదు. ఆమెకి తెలిసిన ఎయిడ్స్ 1990లది.

చట్టం ఏమంటుందో కూడా చూశా. 1998లో మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జడ్ అని సుప్రీంకోర్టు కేసు ఒకటుంది. ఒక డాక్టర్‌కి పాజిటివ్ అని ఆసుపత్రి నుంచి బయటికి వచ్చి పెళ్లి ఆగిపోయింది. ఆసుపత్రి చేసింది తప్పు కాదంది కోర్టు, పెళ్లికూతురి ప్రాణం ముఖ్యమంది. అక్కడితో ఆగకుండా అలాంటివాళ్లకి పెళ్లి హక్కే ఉండదన్నట్టు రాసింది. ఆ మాట అనవసరమని 2002లో అదే కోర్టు పక్కన పెట్టింది. తర్వాత 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వచ్చి 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఒప్పుకోకుండా పరీక్ష చెయ్యకూడదు, ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పకూడదు. భాగస్వామికి నిజంగా ప్రమాదం ఉండి, ఆ మనిషి తనంతట తాను చెప్పడని తేలితే, ముందు ఆ మనిషికి చెప్పి, అప్పుడు డాక్టరో కౌన్సెలరో ఆ భాగస్వామికి చెప్పొచ్చు. ల్యాబ్ టెక్నీషియన్ కాదు. పెద్దమ్మకి అసలే కాదు. అంటే అక్క ప్రాణం సంగతి చట్టం మర్చిపోలేదు, దానికో దారి పెట్టింది, ఆ దారి మాత్రం ఫోన్ స్పీకర్‌లోంచి పోదు.

అమ్మ పెద్దమ్మకి చెప్పింది ఒక్కటే. "పిల్ల, పిలగాడు ఇద్దరూ పోయి చేయించుకోమను. జంటగా పోతే జంటగానే మాట్లాడుతరు." అక్కడే పెద్దమ్మకి బాగా కోపం వచ్చింది. "నా బిడ్డకు టెస్టా? నా బిడ్డ గురించి ఏమనుకుంటున్నవ్?" అబ్బాయి పేరు రిజిస్టర్‌లో వెతకడం తప్పు కాదు, అమ్మాయి వేలికి సూది గుచ్చడం మాత్రం అవమానం. ఆ ఫోన్ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు.

వారం తర్వాత అక్క నాకు మెసేజ్ పెట్టింది, "అసలేం జరిగింద్రా?" అని. పెద్దమ్మ తనకేం చెప్పలేదట. దాచడం నాకు సరికాదనిపించింది, ఇది అక్క పెళ్లి కదా. రిజిస్టర్ సంగతి, అమ్మ చెప్పిన సంగతి రెండూ చెప్పా. చాలాసేపు టైపింగ్ అని కనిపించింది, ఏమీ రాలేదు. రెండు రోజులకి ఒక్క ప్రశ్న వచ్చింది: "శనివారం తెరిచి ఉంటుందా?" ఉంటుంది, ఒంటిగంట లోపు వెళ్లమన్నా. అతనితో ఎలా మాట్లాడిందో, అతనేమన్నాడో నాకు తెలీదు. ఇద్దరూ వెళ్లారని మాత్రం తెలుసు, అతని బైక్ మీదే వెళ్లారట. రిపోర్టుల్లో ఏముందో అక్క చెప్పలేదు, నేను అడగలేదు. అమ్మ కూడా అడగలేదు.

పెళ్లి ఫిబ్రవరిలో. పెద్దమ్మ ఇంకా ఫోన్ చెయ్యలేదు. పత్రిక మాత్రం నిన్న అమ్మ వాట్సాప్‌కి పంపింది, కింద ఏమీ రాయకుండా.